రెండు ఇడ్లీల సీటు, పన్నెండు పైపులు

నా సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే నేను పద్దెనిమిది అడుగులు ముందుకు పోతాను. ఊరికే చెప్పే మాట కాదు. చక్రం ఒక చుట్టుకు ఏడడుగుల రెండున్నర అంగుళాలు, పెడల్ ఒక చుట్టుకు చక్రం రెండున్నర చుట్లు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి వరకు నలభై సార్లు లెక్కపెట్టి చూశాను. నూట ఎనభై రెండు చుట్లు. రెండుసార్లు నూట ఎనభై మూడు వచ్చింది. అది రాయి పాతినవాళ్ల తప్పు, నాది కాదు.

పదో తరగతిలో లెక్కలు తప్ప మిగతావన్నీ పోగొట్టుకున్నవాణ్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నాకు నేనే నేర్చుకున్నాను. ఎల్లారెడ్డి చుట్టుపక్కల రైతులు నన్ను పిలిచేది ఒక్క పనికి. బోరు దగ్గర నుంచి పొలం దాకా నీళ్లు తేవాలంటే ఎన్ని పైపులు పడతాయో చెప్పాలి. ఫోనులో కొలవచ్చు కదా అంటారు కొందరు. ఫోను ఒక గీత గీసి ఊరుకుంటుంది. పైపు మాత్రం గట్ల పొంటి వంకర్లు తిరిగి, పడనివాళ్ల పొలం తప్పించుకుని, మేనమామ చింతచెట్టు చుట్టూ మళ్లి పోవాలి. టేపు పట్టాలంటే ఇద్దరు కావాలి. సగం దూరం పోయేసరికి ఎక్కడ గుర్తు పెట్టామన్న దగ్గర ఆ ఇద్దరికీ మాటలు బందవుతాయి. నేనైతే సైకిలెక్కి బాట పొంటి పోతాను, కుడికాలు కిందికి దిగిన ప్రతిసారీ ఒక అంకె. ఇరవై రెండేళ్లలో ఒకసారి ఒక పైపు ఎక్కువైంది. తక్కువ ఎప్పుడూ కాలేదు.

ఆ ఇరవై రెండేళ్లూ నేను కూర్చున్నది ఒకే తోలు సీటు మీద. అది నా ఆకారానికి వచ్చిందో, నేను దాని ఆకారానికి వచ్చానో తేల్చి చెప్పలేను. నిరుడు వానాకాలంలో మాత్రం ఒక సంగతి గమనించాను. సైకిలు దిగాక నా శరీరంలో ఒక భాగం, దాని పేరు మా ఇంట్లో ఎత్తం, నిద్ర లేవడం లేదు. దిగీ దిగగానే అంకెలు మొదలుపెట్టి, స్పర్శ వచ్చేదాకా ఎంతవుతుందో చూసేవాణ్ని. మొదట్లో తొంభై. దసరా నాటికి మూడు వందల నలభై.

ఒకరోజు మా ఆవిడ చూసింది.

"ఏం లెక్కవెడ్తున్నవ్, గోడకు మొఖం వెట్టి?"

"మూడొందలు దాటింది."

"ఏంది దాటింది?"

చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వకపోవడంతోనే నాకు భయమేసింది. మర్నాడు పొద్దున, డాక్టరుకు చూపించడానికి సైకిలును కూడా పైన వేయించి, బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయింది. డాక్టరు నేను రాసుకుపోయిన అంకెల కాగితం చూడనే లేదు. సైకిలన్నా మానెయ్యి, సీటన్నా మార్చు అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సైకిలు మానేస్తే నా లెక్క ఆగిపోతుంది. కాబట్టి డాక్టరు దగ్గర నుంచి నేరుగా సైకిళ్లు బాగుచేసే చాచా దుకాణానికి పోయాం.

"చాచా, మెత్తటి సీటు కావాలె," అన్నాను.

చాచా నా నడక చూశాడు. "నీకు కావాల్సింది మెత్తది గాదు. ముక్కు లేంది," అని అట్టపెట్టె దించాడు.

అందులోది సీటులా లేదు. రెండు నల్లటి గుండ్రటి దిండ్లు పక్కపక్కన, నడుమ నాలుగు వేళ్ల సందు. ముందుకు పొడుచుకొచ్చే ముక్కు అసలే లేదు.

"ఇది సీటా, ఇడ్లీ రేకా?"

"మనిషికి కింద ఎముకలు రెండు. రెండిటికి రెండు గద్దెలు. నడుమ ఉన్నదానికి గాలి."

"నడుమ ఉన్నది సందుల పడితే?"

"ఇన్నేండ్లు పడలే. ఇప్పుడేం పడ్తది," అన్నాడు చాచా, పానా వెతుక్కుంటూ. మా ఆవిడ పక్కకు తిరిగి రోడ్డు మీద బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టింది.

బిగించడం చాచా బిగించాడు కానీ, అలవాటు చేసుకోవాల్సింది నేను. బస్సు పైన ఎక్కించి తెచ్చిన సైకిలును ఎల్లారెడ్డి బస్టాండులో దింపుకుని తొక్కాను. మా ఇల్లు చేరేలోపు అరవై ఒక్కసారి ముందుకు జారాను. పాత సీటు ముక్కును నేను తొడలతో పట్టుకుని తొక్కేవాణ్నని అప్పుడు తెలిసింది. పట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి బరువంతా చేతుల మీద పడింది. మలుపు తిరగాలంటే నడుము ఒకవైపు పోయేది, హాండిల్ ఇంకోవైపు పోయేది. హోటలు ముందు కూర్చున్నవాళ్లకు రెండు వారాలు పని దొరికింది.

"ఓ అన్నా, నీ సీటు ముక్కు ఎవలు గోసిండ్రే?"

"గది సీటు గాదు వయా, ఇంటికాడికెళ్లి టిఫిన్ తెచ్చుకుంటుండు."

నేను పట్టించుకోలేదు. పదమూడు నంబరు పానా జేబులో వేసుకుని రోజుకు ఒక సవరణ చేశాను, రెండు కాదు. రెండు మార్పులు ఒకేరోజు చేస్తే దేనివల్ల మేలైందో తెలియదు. ముందువైపు కొంచెం పైకి లేపితే జారడం ముప్పై ఎనిమిదికి దిగింది. సీటు మొత్తం అర అంగుళం దించితే పంతొమ్మిది. దిండ్ల మధ్య సందు వేలెడు తగ్గిస్తే పదకొండు. పద్నాలుగో రోజు రెండు. ఆ రెండూ గతుకులవే.

ఎండకు దిండ్లు కాలుతున్నాయని మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డతో వాటికి తొడుగు కుట్టింది. రెండు గిన్నెల్లాంటివి, నడుమ ఒక పట్టీ. ఉతికి తీగ మీద ఆరేస్తే, పక్కింటామె చాలాసేపు చూసి "గవి ఎవలియి?" అని అడిగిందట. "మా ఆయనయి," అని చెప్పిందట మా ఆవిడ.

సంక్రాంతి పోయిన పది రోజులకు, సైకిలు దిగి గోడ దగ్గర నిలబడి లెక్క మొదలుపెడితే, ఒకటి అనేలోపే అంతా మేలుకునే ఉంది. ఆ సుఖం ఎలా చెప్పాలో తెలియదు. ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న రోడ్లే. కొంగలు ఎన్నున్నాయో, ఏ బడి గోడకు ఏ రంగు వేశారో మొదటిసారి చూశాను. దిగుడు వస్తే హాయిగా కూర్చుని గాలి తీసుకునేవాణ్ని. అందులో తప్పు ఏముందో అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక అవ్వ కబురు పంపింది. ఎల్లారెడ్డికి నాలుగు కిలోమీటర్ల ఊరు. రెండెకరాల మక్క, అంటే మొక్కజొన్న, వేసింది, బావి ఎండింది. కంకుల్లో పాలు పోసుకునే సమయం. వారంలోపు తడి అందకపోతే గింజ నిండదు, చొప్ప మిగులుతుంది. అదే ఊళ్లో మిట్ట మీద ఆమె తమ్ముడికి మంచి బోరుంది. నీళ్లు ఇస్తానన్నాడు, పైపులు మాత్రం ఆమె వేసుకోవాలి.

"కొడుకా, నాకు రెండుసార్లు కామారెడ్డి పోయే ఓపిక లేదు. ఒక్కసారే తెప్పిస్త. సక్కగ చెప్పు," అంది.

"నా లెక్క ఎప్పుడన్న తక్కువైందా అవ్వా?"

"కాలేదనే పిలిచిన."

బోరు గుడిసె దగ్గర మొదలుపెట్టి, బండ్లబాట పొంటి, ఆమె పొలం గట్టు దాకా తొక్కాను. నూట ఎనిమిది చుట్లు. అష్టోత్తరం వచ్చిందని ముచ్చటపడ్డాను. నూట ఎనిమిది పద్దెనిమిదులు పందొమ్మిది వందల నలభై నాలుగు అడుగులు. పైపు ఇరవై అడుగులు, ఒకదాంట్లో ఒకటి దూరేది పోను పందొమ్మిదిన్నర. మొత్తం వంద పైపులు. ఇంత గుండ్రంగా వచ్చిన లెక్కను మామూలుగా నేను నమ్మను, ఇంకోసారి తొక్కుతాను. ఆరోజు తొక్కలేదు. కొంగల్ని చూస్తూ ఇంటికి పోయాను.

మూడు రోజులకు ట్రాలీ ఆటోలో కామారెడ్డి నుంచి వంద పైపులు వచ్చాయి. పైనుంచి కిందికి అతికించుకుంటూ వచ్చాం. వందోది అతికించేసరికి అవ్వ పొలం ఇంకా అల్లంత దూరంలో ఉంది. పైన తమ్ముడికి ఆ సంగతి తెలియదు. చెప్పిన టైముకు మోటారు వేశాడు. నీళ్లు దుంకాయి. దుంకింది అవ్వ ఏరాలి పొలంలో. ఏరాలంటే ఆమె మరిది భార్య. ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు.

ఏరాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని గట్టు మీద నిలబడింది. కాళ్ల కింద మడి తడుస్తోంది. నాలుగేళ్ల మౌనం అక్కడ విడిచింది.

"అక్కా, నామీద ఇంత పావురం, ఇంత ప్రేమ ఉన్నదని నాకు తెల్వకపాయె."

అవ్వ ఆమెను చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపు కంటే ఏరాలి మాటే నయం.

మోటారు ఆపించి వచ్చాను. కాగితం తీసి పద్దెనిమిదిని నూట ఎనిమిదితో మళ్లీ హెచ్చవేశాను. మళ్లీ అంతే వచ్చింది. "లెక్క కరెక్టే ఉంది," అన్నాను.

"మరి మక్క దప్పు జేసిందా?" అంది అవ్వ.

ఏరాలికి ఉత్సాహం ఎక్కువైంది. "నేను జూసిన గదా ఆరోజు. దిగుట్ల కాళ్లు కదపకుంట, దొర లెక్క, కొంగలకు సలాం కొట్టుకుంట పోతున్నడు. ఎన్కట గట్ల పోయెటోడు గాదు. గానుగెద్దు లెక్క తొక్కుతనే ఉండెటోడు."

నిజమే. పాత సీటు మీద కాళ్లు ఆపితే ఒంటి బరువంతా ఆ ముక్కు మీద పడేది. తొక్కుతూ ఉంటేనే కింద వెంట్రుకంత ఖాళీ దొరికేది. అందుకే ఎగుడైనా దిగుడైనా ఇరవై రెండేళ్లు నా కాళ్లు ఆగలేదు. అది నా లెక్క గొప్పతనం అనుకున్నాను. నొప్పి గొప్పతనం. కొత్త సీటు మీద కూర్చోగానే కాళ్లు ఆగిపోయాయి. సైకిలు పోతూనే ఉంది, అంకె మాత్రం కదల్లేదు. మిట్ట మీది బోరు నుంచి కింద పొలానికి బాటంతా దిగుడే.

ఇదంతా అవ్వకు వివరించాను, సీటు చూపిస్తూ. ఆమె ఒక దిండును వేలితో నొక్కి చూసింది.

"అంటే నీ ముడ్డికి సుఖమైతే నా మక్క ఎండాల్నా?"

సైకిలు మళ్లించాను. "ఇప్పుడే పాత సీటు తెచ్చి మళ్లీ తొక్కుత అవ్వా, అరగంటల..."

"ముందుగాల సీట్లు పక్కకువెట్టు," అంది. వంగి చివరి పైపును ఊడదీసింది. దాని ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, వందోది ఉన్నచోటు నుంచి బాట మీద పరిచి పెట్టింది. కొస దగ్గర చెప్పుతో గీత గీసింది. ఎత్తి గీత దగ్గర మళ్లీ పెట్టింది. "ఆ వందోది పోను ఒకటి. రెండు. కొడుకా, సక్కగ వట్టు, వంకర వట్టినా సుఖమే ఉంటదా నీకు? మూడు." పైపుతోనే పైపులు కొలవచ్చని ఇరవై రెండేళ్లలో నాకు తట్టలేదు. పన్నెండో గీత ఆమె గట్టును తాకింది.

ఆమె కూర్చున్నాక నేను ఒక్కణ్నే సైకిలు తీసుకుని మిట్ట మీదికి పోయి, కాళ్లు ఆపకుండా తొక్కుతూ దిగాను. నూట ఇరవై ఒకటి. పదమూడు చుట్లు కొంగలు తినేశాయి.

కామారెడ్డికి నేనే పోయాను. ఆ ట్రాలీ ఆటోలోనే, డ్రైవరు పక్కన. ఆ రేకు సీటు మీద దారి పొడుగునా పాత కష్టమంతా గుర్తొచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా పైపులు తెచ్చాను. అతికించాం. మోటారు వేశారు. మొదట గాలి వచ్చింది, తర్వాత బురద, తర్వాత అవ్వ మక్కలోకి నీళ్లు. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి కానీ వారం దాటలేదు, ఇంకా రెండు రోజుల గడువుంది. అవ్వ మొదటి సాళ్లలోకి దిగి, మోకాళ్ల దాకా తడుపుకుని, ఒక కంకిని గోటితో గిచ్చి చూసింది. పాలు వచ్చాయి. గోరు చీరకు తుడుచుకుంది. గట్టవతల ఏరాలు "అక్కా, రేపు నా దిక్కు తిప్పుతవా?" అంది. "సూద్దాం," అంది అవ్వ. కాదనలేదు.

అప్పుడు గట్టు మీద ఇంకో పైపు మిగిలి ఉండటం చూసింది.

"పన్నెండే గదా. పదమూడోది ఏంది?"

"నామీద నాకు నమ్మకం లేక తెచ్చిన."

తమ్ముణ్ని పిలిచి ఆక్సా బ్లేడుతో దాన్ని సరిగ్గా నడిమికి కోయించింది. పదడుగుల ముక్క ఒకటి నా సైకిలు గొట్టానికి తాడుతో కట్టించింది.

"మందివి కొలిచేటప్పుడు గిది వట్టుకొని నడు. ఎక్కి తొక్కకు."

"మిగిలిన ముక్క?"

"నా దగ్గర ఉండనీ. నువ్వు చెప్పినంక నేను చూస్కుంట."

పదడుగుల పైపు ముందూ వెనకా పొడుచుకొస్తుంటే నాలుగు కిలోమీటర్లు ఇంటికి తొక్కాను. కాళ్లు ఆపకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ బాట పాత సీటు మీద ఎప్పుడూ ఏడు వందల ముప్పై ఒకటి. ఆరోజు ఏడు వందల ఇరవై ఎనిమిది వచ్చింది. ఆ మూడు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. చెరువు కట్ట దిగుతుండగా.