నాలుగు అంగుళాలు దిగే సైకిల్

2001 అక్టోబర్ 8, సోమవారం, ఉదయం ఏడున్నర. మా ఆయన తోటల మీదికి పోయి వచ్చి వాకిట్లో సైకిల్ ఆపాడు. కానీ దిగలేదు. రెండు కాళ్లూ నేల మీద ఆనించి, సైకిల్ కాళ్ల మధ్య ఉండగానే అలా నిలబడిపోయాడు. కాలు సీటు మీంచి తిప్పబోతే నడుము ఒప్పుకోలేదు. నేను పోయి హ్యాండిల్ పట్టుకుని సైకిల్‌ను మెల్లగా పక్కకు పడుకోబెట్టాను. అప్పుడు దాని మీంచి ఒక్కో కాలే దాటుకుని బయటికి వచ్చాడు.

మా బావ, అంటే మా ఆయన అన్న, అరుగు మీద వేపపుల్ల నములుతూ ఇదంతా చూస్తున్నాడు.

"ఏం తమ్మీ, గుర్రం దిగనిస్తలేదా?" అన్నాడు. లేచి రాలేదు.

మాది బోధన్ నుంచి వర్ని పోయే దారిలో ఒక ఊరు. అన్నదమ్ముల పొయ్యిలు వేరు, వాకిలి ఒకటే. బావకు నాలుగెకరాల చెరుకు తోట, పాలమ్మే బర్రెలు. మా ఆయన ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో ఫీల్డ్‌మన్. తోటతోటకూ తిరిగి, గడకు తూటు పెట్టి, రెండు చుక్కల రసం చిన్న దుర్బిణీ లాంటి పరికరం మీద వేసి, ఏ తోట పండిందో ఏది పండలేదో చూడటం ఆయన పని. ఎవరి చెరుకు ఏ రోజు కొట్టాలో తేదీ వేసేదీ ఆయనే. ఆ తేదీ చీటీ లేకపోతే మిల్లు కాంటా మీదికి బండి ఎక్కదు. ఇరవై రెండేళ్లు నల్ల సైకిల్ మీద, కాలువ గట్ల మీద, చెరుకు ట్రాక్టర్ల చక్రాలు కోసిన గాళ్లలో తిరిగి తిరిగి వెన్ను అరిగిపోయింది.

నిజామాబాద్‌లో డాక్టర్ ఒక్క మాటే చెప్పాడు. ఇక కుదుపు తగలకూడదు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు బావ నవ్వాడు.

"కుదుపు లేని సవారి పాడె ఒక్కటే తమ్మీ. నలుగురం మోస్తం, నిమ్మలంగ పోవచ్చు."

ఉద్యోగం మానుకొమ్మని నేను అనలేదు. ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. మాకు భూమి లేదు. తన వంతు భూమి మా ఆయన చెల్లెలి పెళ్లప్పుడే అన్నకు అమ్మేశాడు. తోటల మీద తిరగగలిగితేనే ఆయన ఫీల్డ్‌మన్, లేకపోతే అన్న అరుగు మీద కూర్చునే మనిషి. మోపెడ్ తీసుకుందామంటే అది తోటల మధ్య ఒడ్ల మీద పోదు. సైకిల్‌నైతే తోసుకుంటూ ఎక్కడికైనా పోవచ్చు. షాకర్ల సైకిళ్లు వచ్చాయని, గుంతలో పడ్డా ఒంటికి తెలియదని మిల్లులో ఎవరో చెప్పారు.

నవంబర్ 5, సోమవారం నాడు ఇద్దరం బస్సులో నిజామాబాద్ పోయాం. దుకాణంలో అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దుకాణదారు నల్లదాని హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టి నొక్కి చూపించాడు.

"గిది ముంగట ఒక్క దిక్కే దబ్తది. గా ఎర్రది చూడుండ్రి, ముంగట, ఎన్క, రెండు దిక్కుల దబ్తది. కొండలు ఎక్కి దిగేటోళ్ల కోసం చేసిన మాల్ సార్ ఇది."

నేను జాకెట్లు కుట్టేదాన్ని. టేపు ఎప్పుడూ సంచిలో ఉంటుంది. దుకాణదారును నొక్కమని కొలిచాను. నల్లది ముందు రెండు అంగుళాలు దిగింది, వెనక అసలు కదలదు. ఎర్రది ముందు నాలుగు, సీటు కింద ఇంచుమించు నాలుగు.

"ఏందమ్మా, సైకిల్‌కు జాకెట్ కుడ్తవా?" అన్నాడు దుకాణదారు.

"కుట్టేదైతె నీ నోటికి కుడుదును. దీనికి కారియర్ యాడ పెడ్తరు?"

"ఎర్రదానికి కారియర్ రాదమ్మా. ఎన్క చక్రం కిందికి మీదికి ఆడ్తది గద, కడ్డీ యాడ నిలవడ్తది? నల్లదానికి పెట్టియ్యచ్చు."

మా ఆయన అప్పటికే ఎర్రదాని మీద కూర్చున్నాడు. దుకాణం ముందు మోరీ మీద బండరాయి ఎత్తుగా ఉంది. దాని మీంచి పోయి వచ్చాడు. మళ్లీ పోయి వచ్చాడు. సీటు ఆయనతో పాటు కిందికి దిగి, మెల్లగా పైకి వచ్చింది. నెల రోజులుగా ఆయన పళ్లు బిగపట్టుకుని ఉండటమే చూశాను. ఆ రోజు దవడ వదులైంది. పదేళ్లు తగ్గినట్టు కనిపించాడు.

అయినా నేను పక్కకు పిలిచి చెప్పాను. "ఇగో, ఇను. కారియర్ లేని సైకిల్‌ను మన వాకిట్ల ఉండనియ్యరు. ఇంటి మూటలన్ని దాని మీదనే గద పోయేది. నల్లదే తీస్కుందాం. రెండంగులాలన్న మనకు మిగుల్తయి."

"నడుము నీదా, నాదా?"

"నడుము నీదే. వాకిలి మీ అన్నది."

ఎర్రదే కొన్నాడు.

మొదటి నెల ఆయన మాటే గెలిచింది. సీజన్ మొదలైంది, రోజంతా తిరిగి వచ్చి తనంతట తానే సైకిల్ దిగేవాడు. ఊళ్లో అందరూ వచ్చి సీటు నొక్కి చూసి పోయారు. బావ అయితే ఎక్కి కూర్చుని, గోడ పట్టుకుని, పైకీ కిందికీ ఊగాడు.

"అరె, మంచం లెక్కనే ఉన్నది గదరా! గింత ఊగుడు ముందే ఉంటె మీకు పిల్లలన్న పుట్టేటోళ్లు."

మాకు పిల్లలు లేరు. ఆ మాట పాలేరు ముందు, నేను వంటింటి గడప మీద నిలబడి ఉండగా అన్నాడు. పాలేరు నవ్వాడు. మా ఆయన సైకిల్ గొలుసుకు నూనె వేస్తూ తల ఎత్తలేదు. ఊగటం అయ్యాక బావ వంగి, వెనక స్ప్రింగు ఎక్కడుందో, దానికి ఏ కడ్డీ ఆధారమో వేలితో చూపించి అడిగాడు. మా ఆయన అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఈ సంగతి నేను గుర్తు పెట్టుకున్నాను.

డిసెంబర్ మొదట్లో బావ తన తోట ముందుగా కొట్టించమన్నాడు. కొట్టేస్తే ఆ భూమిలో వేరే పంట పెట్టుకోవచ్చని ఆయన ఆలోచన.

"నీది ఫిబ్రవరి పదకొండుకస్తది అన్నా. నాటిన తేదీ లెక్కన ఏసిన."

"మందికి తేదీలెయ్యి. నాక్కూడ తేదీనా?"

"మందికి ఎట్లనో నీకట్లనే."

"ఊరోని చెరుకు కాంటాకు పోతాంది, ఇంటోని చెరుకు ఎండుతాంది. మంచిగున్నది తమ్మీ. శాన మంచిగున్నది."

అంతే. కేకలు లేవు. బావ కేకలు వేసే మనిషి కాదు.

డిసెంబర్ 16, ఆదివారం. ఇంట్లో పోచమ్మకు యాటను కోసుకున్నాం. చుట్టాలు నలభై మంది దాకా వచ్చారు. తెల్లవారే తోటలు తిరిగి వచ్చిన మా ఆయన తిని పడుకున్నాడు. లేచేసరికి సైకిల్ లేదు. పొద్దువంగే వేళ బావ దాన్ని నడిపించుకుంటూ వాకిట్లోకి తెచ్చాడు. దానికి కారియర్ ఉంది. బరువైన ఇనప కారియర్, పాల క్యాన్లకు వేసే రకం. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చుట్టాలందరి ముందు స్టాండు వేసి కొబ్బరికాయ కొట్టాడు.

"తమ్మునికి నేనేం పెట్టలేదంటరు గద. ఇగో, అన్న పెట్టించిండు."

కారియర్ నిలవాలంటే వెనక చక్రం ఆడకూడదు. అందుకని ఊరి బయట వెల్డింగ్ షాపులో స్ప్రింగుకు రెండు వైపులా ఇనప పట్టీలు వేసి మాటు పెట్టించాడు. మా ఆయన పోయి సీటు నొక్కాడు. అది దిగలేదు. ఇంకోసారి నొక్కాడు.

"ఊగుడు మానింది," అన్నాడు బావ. "ఇగ గట్టిగున్నది. రేపటి సంది పొద్దుగాల నా పాల క్యాన్లు గూడ ఏస్కపోదువు, కాంటా దిక్కే గద పోయేది."

చుట్టాల ముందు, దండ వేసి, కాయ కొట్టి అన్న ఇచ్చినదాన్ని తమ్ముడు కాదనడు. కాదంటే ఇల్లు విడిపోయినట్టే. బావకు ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ రోజును ఎంచుకున్నాడు. మా మేనత్త ఒకామె, "అన్న అంటె గిట్లుండాలె," అని కళ్లు తుడుచుకుంది. మా ఆయన వంగి అన్న కాళ్లకు మొక్కాడు. వంగినవాడు లేవడానికి నేను రెక్క పట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు వెల్డింగ్ షాపుకు పోయి పట్టీలు కోసేయమని అడిగాడు.

"కోస్తగని, ఎన్క చక్రం చేతికస్తది సార్," అన్నాడు వెల్డింగ్ అతను. "స్ప్రింగు కాలిపోయింది, లోపలి రబ్బరు కరిగిపోయింది. పెద్దసార్‌కు అప్పుడే చెప్పిన. కాలితె కాలనీ అన్నడు."

పాత సైకిల్ అప్పటికే బావ పాలేరు కింద ఉంది. అడిగితే చక్రం వంకరపోయిందన్నారు. సీజన్ నడుస్తోంది. ఒక్క రోజు తోటల మీదికి పోకపోతే మర్నాడు కాంటాకు బండ్లు ఉండవు. ఆయన ఆ ఎర్రదాని మీదే తిరిగాడు. పొద్దున పూట బావ పాల క్యాన్లు రెండు కూడా వేసుకుని తిరిగాడు.

ఆ సైకిల్‌కు ముందు ఇంకా నాలుగు అంగుళాలు దిగేది. వెనక దిగేది కాదు. రెండూ కలిసి దిగినప్పుడు మనిషి ఉన్నచోటే ఉంటాడు. ముందొకటే దిగితే మనిషి ముందుకు పోతాడు. నాకు ఇది మొదటి వారంలోనే అర్థమై, ముందుదానికి కూడా పట్టీ వేయించుకొమ్మని చెప్పాను. "అదొక్కటన్న ఉండనీ," అన్నాడు.

2002 జనవరి 9, బుధవారం, ఉదయం. తూము దగ్గర కాలువ గట్టు మీద ట్రాక్టర్ గాడిలో ముందు చక్రం పడింది. ముందు భాగం దిగింది. వెనక పాల క్యాన్లున్న కారియర్ ఎగిరి తన్నింది. ఆయన హ్యాండిల్ మీంచి పోయి తూము రాయి మీద వెన్నుతో పడ్డాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన చెరుకు కొట్టే వాళ్లు అక్కడే ఉన్నారు. పాలు ఒళ్లంతా పడి తెల్లగా ఉన్న మనిషిని చూసి ముందు నవ్వారు. "సాహేబ్ పడ్లా, సాహేబ్ పడ్లా," అని ఒకరినొకరు పిలుచుకున్నారు. ఎంతసేపటికీ లేవకపోయేసరికి నవ్వు ఆపి, ఎద్దుబండిలో చెరుకు మోపుల మీద పడుకోబెట్టి కాంటాకు తెచ్చారు. ఆ బండికి తేదీ వేసింది ఆయనే.

కాంటా గుమాస్తా కిటికీలోంచి చూసి అడిగాడట, "ఏందన్నా, నిన్ను గూడ తూకమెయ్యాల్నా? చీటీ ఎవ్వరి పేరు మీద రాయమంటవ్?"

అందరూ నవ్వారట. ఇదంతా మా ఆయనే నాకు చెప్పాడు. దెబ్బ గురించి ఎక్కువ చెప్పలేదు. ఈ మాట మాత్రం చాలాసార్లు చెప్పాడు.

బావ అరటిపండ్లు తీసుకుని నిజామాబాద్ ఆసుపత్రికి వచ్చాడు.

"గట్టిగ చేయించిన కాబట్టి గింతతోని పోయింది. గా ఊగేదే ఉంటె ప్రాణమే పోతుండె," అన్నాడు.

మా ఆయన పైకప్పు చూస్తూ అన్నాడు. "అన్నా, నీ తోటకు ఫిబ్రవరి పదకొండు. నేను మార్చలె."

ఫిబ్రవరి పదకొండు వచ్చింది. చీటీ మాత్రం రాలేదు. తేదీ వేసినా కొట్టే ముందు ఫీల్డ్‌మన్ తోటకు వచ్చి రసం చూసి సంతకం పెట్టాలి. మా వైపు తిరిగే ఫీల్డ్‌మన్ మంచం మీద ఉన్నాడు. పక్క సెక్షన్ అతను తన తోటలన్నీ అయ్యాకే మా వైపు వచ్చాడు. అప్పటికి మార్చి చివర. ఎండలు ముదిరి గడలు లోపల దూది పట్టాయి. ఆ లోపలే బావ మిల్లుకూ ఇంటికీ తిరిగి తిరిగి, ఒకరోజు వాకిట్లోకి వచ్చి, మంచం మీద ఉన్న తమ్ముడితో అన్నాడు. "ఒక్క మాట ఫోన్‌ల చెప్పు తమ్మీ. నీ మాటింటరు."

ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను బావ ఎదుట నిలబడి మాట్లాడలేదు. ఏం చెప్పినా గడప ఇవతల నుంచే. ఆ రోజు గడప దాటి వాకిట్లోకి పోయాను.

"ఆయన కూసుంటలేడు బావా. కూసునెటట్టు చేస్తె చెప్తడు. నీ కారియర్ మీద కూసవెట్టుకొని తీస్కపో."

బావ నన్ను తలెత్తి చూసి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో బావ చెరుకు కాంటా ఎక్కిన రోజు తూకం ఎంతో పాలేరును పిలిచి అడిగి తెలుసుకున్నాను. పోయిన ఏటికంటే ఎంత తగ్గిందో లెక్క కట్టి, బావకు వినబడేలా వాకిట్లో పైకి చదివాను.

మా ఆయన వేసవిలో లేచి నిలబడ్డాడు. నిలబడగలడు, పడుకోగలడు. పావుగంటకు మించి కూర్చోలేడు. జూన్‌లో తనే కాగితం రాసి ఉద్యోగం వదిలేశాడు. నల్లది కొని ఉంటే ఇలా అయ్యేది కాదని నేను చాలా ఏళ్లు అన్నాను. అది నిజం, అందుకే అన్నాను. ఆయన గోడ వైపు తిరిగేవాడు. ఒక్కోసారి అరచేత్తో పరుపు నొక్కి, "గింత దిగేది," అనేవాడు, నాకో గోడకో తెలియదు.

ఆయన 2008లో పోయాడు. పాడె మోసిన నలుగురిలో బావ ముందు నిలబడ్డాడు. దారి పొడుగునా గాళ్లే. బాగా కుదిపారు.

పోయినవి ఇవి. తొమ్మిదేళ్ల సర్వీసు. వెన్నులో రెండు పూసల మధ్య ఉండే మెత్తన. ఒక ఎర్ర సైకిల్, దాని వెనక స్ప్రింగు ముందుగా, మిగతాది తర్వాత. రెండు క్యాన్ల పాలు. బావ తోటలో పదకొండు టన్నుల చెరుకు. అన్నదమ్ముల మధ్య మాట. ఒక మనిషి.