సరస్సు కనపడని గది

నీళ్ళ మధ్య కట్టిన పాత రాజుగారి మహలు ఇప్పుడు హోటలయింది. అందులో ఒక్కసారైనా ఉండాలని ఎన్నేళ్ళుగానో అనుకుని, చివరికి గది బుక్ చేసుకుంటే, బయల్దేరే ముందు మా ఆయనకి నడుం పట్టేసింది. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు.

"కట్టిన డబ్బు ఎందుకు పాడుచెయ్యడం, నా బదులు అక్కని తీసుకెళ్ళు. పాపం, చోడవరం, కె.కోటపాడు తప్ప ఏం చూసింది?" అన్నారు మంచం మీంచి.

మా ఆడపడుచు నాకన్నా చాలా పెద్ద. చెరుకు పొలం పనైనా, ఇంట్లో పెళ్ళైనా, ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. విమానంలో భయపడుతుందేమో అనుకున్నాను. సీటు బెల్టు పెట్టగానే గురకపెట్టి నిద్రపోయింది.

తంటా అంతా సరస్సు గట్టు దగ్గర మొదలైంది. హోటలుకి పడవ తప్ప వేరే దారి లేదు. ఎర్ర మఖమలు దిండ్లు వేసిన పడవలోంచి తలపాగా చుట్టుకున్న మనిషి చెయ్యందించేడు. ఆవిడ మెట్టు మీద చతికిలపడింది.

"నేను రాను. ఇక్కడే ఏదో లాడ్జీ సూడు."

"విమానం ఎక్కేరు కదా వదినా!"

"విమానం కింద ఎక్కడో అక్కడ నేలుంటాది. దీని కిందేటుంది?"

ఎండలో నిలబడి బతిమాలి బతిమాలి ఎక్కించేను. దారంతా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు చర్మంలోకి దిగేయి. అవతలి మెట్ల దగ్గర మా మీద గులాబి రేకలు జల్లుతున్నా ఆవిడ కళ్ళు తెరవలేదు.

గది నేననుకున్నట్టే ఉంది. రంగు అద్దాల కిటికీలు, నగిషీలు చెక్కిన మంచం, కిటికీ పక్కన కూర్చోడానికి పరుపు వేసిన అరుగు. దాని కిందే నీళ్ళు. నేనింకా చెప్పులు విప్పనేలేదు, ఆవిడ తెరలన్నీ లాగేసింది.

"నీటి సప్పుడు ఇనపడతంది. గది కదులుతన్నట్టు లేదూ?"

"కదలదు వదినా. రాతి కట్టడం."

"నీకేటి తెలుసు!"

ఆ పూటంతా పట్టపగలే లైట్లు వేసుకుని తెరల వెనక కూర్చున్నాం. నేను ఓ మూల తెర కాస్త తప్పిస్తే చాలు, మంచం మీంచి "ఒసే!" అని కేక. మా ఇంటి వరండాలో కూర్చున్నా ఇంతకన్నా ఎక్కువ ఆకాశం కనపడేది.

మర్నాడు టిఫినుకి రానంది. ఒక్కదాన్నే వెళ్ళి, నీటి ఒడ్డున తీరిగ్గా కూర్చుని, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేను. గది తలుపు తెరిచుంది. మా పెట్టెలు లేవు. ఆవిడా లేదు.

గాభరాగా నడవాలోకి పరిగెత్తేను. ఇంతలో మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చేడు. పెద్దావిడ ఇబ్బంది పడుతున్నారని తెలిసిందిట, అందుకని మమ్మల్ని ఒకప్పటి రాణిగారి గదిలోకి మార్చేరుట. ఆవిడకి హిందీ రాదు, ఇంగ్లీషూ రాదు. గది తుడవడానికొచ్చిన మనిషికి కిటికీ చూపించి, కడుపు పట్టుకుని, కళ్ళు తేలేసి చూపించిందిట.

రాణిగారి గది లోపలి వైపు ఉంది. కిటికీలోంచి చూస్తే రాళ్ళు పరిచిన వాకిలి, ఎదురుగా సున్నం కొట్టిన గోడ. నీటి చుక్క కనపడదు. ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునుంది.

"సూసేవా, ఎంత బాగుందో!"

"నేను నీళ్ళు చూడ్డానికొచ్చేను వదినా! గోడ చూడాలంటే మనింటి వెనక లేదూ?"

గొంతు పెరిగిపోయింది. ఆవిడతో నేనలా మాట్లాడ్డం అదే మొదలు. ఆవిడ కాళ్ళు ముడుచుకుంది.

"నీకంత ఇదని ముందే సెప్పలేదేటే?" అంది చిన్నగా.

ఎన్నిసార్లు చెప్పలేదు! బయటికొచ్చి, నడవా చివర నీళ్ళకెదురుగా కుర్చీ వేసుకున్నాను. అక్కడా సుఖం లేదు. అటు వెళ్ళే ప్రతివాడూ ఆగి, గది నచ్చలేదా మేడమ్, ఏమైనా తెమ్మంటారా అని ఒకటే అడగడం. ఒకతను గొడుగు తెచ్చేడు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

కాసేపటికి వెనక అలికిడైంది. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో అడుగూ జరుగుతూ వచ్చి, నా కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంది. నీళ్ళకేసి చూడకుండా నా నెత్తికేసే చూస్తోంది.

"కూకో. నేనిక్కడే ఉంటాను" అంది.

కుర్చీ వణుకుతోంది. ఇంక నేనా సరస్సుని ఏం చూస్తాను?

"పదండి, టీ తాగుదాం" అని లేచేను.

"అప్పుడేనా? సరిగ్గా సూసేవా?" అంది, అప్పటికే గదివైపు నడుస్తూ.