ఉప్పులేని పథ్యం

చక్కెర జబ్బు నాకూ నా తోడికోడలికీ ఒకే ఏడాది బయటపడింది. డెబ్బైల మొదటి మాట. ఇద్దరం ఒళ్ళు చేసినవాళ్ళమే. గోదావరిఖనిలో మా క్వార్టర్ల నడుమ ఒక్కటే గోడ. మా మగవాళ్ళు అన్నదమ్ములు, ఒకే బొగ్గుబాయిలో పని.

నాకు దవాఖానలో గోళీలు రాసిచ్చారు. ఆమె గోళీలు వద్దని, గోదావరి అవతలి నుంచి అంగడికి వచ్చే ఒక ముసలవ్వ దగ్గర పొడపత్రి ఆకు, నేరేడు గింజల పొడి తెచ్చుకుని, అవ్వ చెప్పిన ఉప్పులేని పథ్యం పట్టింది. ఆకులు మేకలు తింటాయని నేను నవ్వాను.

చలికాలం వచ్చేసరికి ఆమె రైకలు వదులయ్యాయి. నల్లా దగ్గర ఆడవాళ్ళు పెండ్లినాటి పిల్లలా అయ్యావని ఆమెను మెచ్చుకుంటుంటే నా బిందె నిండి పొర్లినా చూసుకోలేదు. నా ఒళ్ళు మాత్రం ఎక్కడిదక్కడే. కడుపు మండిపోయింది. దాచుకునేదేముంది, ఇప్పటికీ మండుతుంది.

దవాఖానలో చక్కెర ఎంతుందో తెలియడానికి మూత్రాన్ని నీలం రంగు మందులో కాచి చూసేవాళ్ళు. నీలంగానే ఉంటే మంచిది, ఎర్రబడితే చెడ్డది. గోళీలతో నాది నీలానికి వచ్చింది. ఆమెది ఇంకా నడిమి ఆకుపచ్చ దగ్గరే ఆగింది. ఆకులతో పాటు గోళీలు కూడా వేసుకోమని డాక్టరు ఆమెకు గట్టిగానే చెప్పాడు. ఆ లెక్కన గెలిచింది నేనే. కానీ నల్లా దగ్గర సీసాలో రంగు ఎవరు చూస్తారు? అందరికీ నడుమే కనబడుతుంది.

జీతాల రోజు మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని తమ్ముడి సంగతి నవ్వుతూ చెప్పాడు. బాయిలో అందరూ సద్దులు విప్పితే మరిది గిన్నెలో జొన్నరొట్టె, ఉప్పులేని పప్పు ఉన్నాయట. ఇదేందిరా అంటే, "ఇంట్ల ఆమె పథ్యముంటే నాకు ముద్ద ఎట్ల దిగుతదన్న" అన్నాడట. వాణ్ణి అందరూ ఎట్లా ఆటపట్టించారో చెబుతూ మా ఆయన మటన్ బొక్క చప్పరిస్తున్నాడు. ఆ మటన్ వండింది నేను. ఎదురుగా జొన్నగటక తింటున్నదీ నేనే. ఆ వాసన ముందు ఏనాడు నోరు కట్టుకోగలిగాను?

మరుసటి అంగడికి నేనే ముసలవ్వ దగ్గరికి పోయాను. అవ్వ ఒక పొడపత్రి ఆకు నమలమని ఇచ్చి, తర్వాత బెల్లం ముక్క చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుంటే బెల్లం మట్టిలా ఉంది. ఈ ఆకే కావాలన్నాను. మూట కట్టబోతూ ఆగి, మందు ఇచ్చే ముందు అందరినీ అడిగే మాట నన్నూ అడిగింది.

"నీతోని పథ్యం ఎవరుంటరు బిడ్డ? ఇంట్ల తోడు లేంది ఒక్కదానివి ఉండలేవు."

మా ఆయన్ని అడిగి వస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. అడిగాను. ఆయన తింటున్న కంచంలో నుంచి తల ఎత్తలేదు.

"నీకు గోళీలున్నయి గద."

ఉన్నాయి. మంచిగానే పనిచేస్తాయి కూడా. ఒకటి తీసి నీళ్ళతో మింగాను. గోడ అవతల మరిదీ ఆమే తింటూ దేనికో నవ్వుకుంటున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ కూరలో ఉప్పు కూడా లేదు, అయినా నాకు నోరూరింది.