అల్ తుమామాలో చక్రాల స్కీలు

మంచు మీద మైళ్ల దూరం సాగే స్కీ పోటీల్లో పాల్గొంటాను నేను. రెండు రేసుల మధ్య దోహాలో అక్క ఇంట్లో దిగాను. సాధన ఆగకూడదని పొద్దున్నే అల్ తుమామా రోడ్డు మీదికి చక్రాల స్కీలు, చేతికర్రలతో బయలుదేరి, పది గజాలకే “అమ్మా!” అంటూ బోర్లా పడ్డాను.

ఆ కేక విని, కంపెనీ బస్సు కోసం నిల్చున్న జగిత్యాల ఆయనెవరో పరుగున వచ్చి లేపాడు.

“కాళ్లు ఇరిగినయా తమ్మీ? కర్రలతోని నడుస్తున్నవ్?”

విషయం చెప్పాను.

“మంచుల ఉరుకుడే నీ డ్యూటీయా? గెలుస్తవా మరి?”

“మొన్న చివరి నుంచి రెండోవాణ్ణి.”

“జీతమెంత?”

“లేదన్నా. ఖర్చంతా నాదే.”

ఆయన నన్ను జాలిగా చూసి, మధ్యాహ్నానికని తెచ్చుకున్న మజ్జిగ సీసా నా చేతిలో పెట్టాడు.

“తాగు. యల్లా, ఇగ నడువ్, ఇంకో కంపెనీ చూసుకో.”

ఇన్నేళ్ల పోటీల్లో నాకు దక్కిన మొదటి బహుమతి అదే. సిగ్గుపడకుండా మొత్తం తాగేశాను.