పేరు మార్చుకున్న యూనివర్సిటీ

నా చిన్నప్పుడు కెనడాలోని విండ్సర్‌లో మా పక్కింట్లో ఒక ఈజిప్టు అంకుల్ ఉండేవారు. వాళ్ళ దేశంలో ఆయన సర్జన్. ఇక్కడ మాత్రం మా నాన్నగారు ఇంజనీరుగా ఉన్న ఫ్యాక్టరీలో కార్ల తలుపులు బిగిస్తూ, డాక్టరు లైసెన్సుకు అప్లై చేసి ఎదురుచూసేవారు. మా అమ్మ ఆయన్ని తెలుగులోనే అన్నయ్యగారూ అనేది. ఆయన పలికేవారు కూడా.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చుని అన్నం కెలుకుతున్నారు. అప్లికేషన్ తిరిగొచ్చిందట. పట్టా మీదున్న పేరుతో అసలు యూనివర్సిటీయే లేదన్నారట. నాకు ఒళ్ళు మండింది. లేని చోట ఎలా చదువుతారని ఎగిరాను.

ఆయన నింపాదిగా చెప్పారు. నైలు పాయ పక్కన పత్తి పండే ఊరు వాళ్ళది. రాజధానిలోని పెద్ద యూనివర్సిటీ అక్కడొక మెడికల్ కాలేజీ తెరిచింది. బిల్డింగు లేక ఆసుపత్రి వార్డులోనే పాఠాలు. తర్వాత సైన్సు వచ్చింది, వ్యవసాయం వచ్చింది. అన్నీ కలిపి విడిగా యూనివర్సిటీ చేసి, ముందు ఆ ప్రాంతం పేరు పెట్టారు. అంకుల్ పట్టా మీదున్నది అదే. కొన్నాళ్ళకే దాన్ని తీసేసి ఊరి పేరు పెట్టారు.

"ఆ రోజు వీధిలో అందరికీ షర్బతు పంచింది నేనే," అన్నారు.

"కొత్త పేరుతో పట్టా తెప్పించుకోండి," అన్నారు నాన్నగారు.

"పాత పేరున చదివినవాళ్ళకి పాత పేరుతోనే ఇస్తారట. రెండూ ఒకటేనని రాసిచ్చారు. ఆ లెటర్ కొత్త పేరుతో ఉందని ఇక్కడ ఒప్పుకోలేదు."

"మళ్ళీ అప్లై చెయ్యమనండి," అంది అమ్మ నాన్నగారితో.

అంకుల్ తల అడ్డంగా ఊపారు. "కత్తి పట్టి ఏళ్ళయింది. ఇప్పుడు లైసెన్సిచ్చినా నాకే భయం."

నాన్నగారు ప్యాంటు పైకి మడిచి, "డాక్టరుగారూ, ఈ మోకాలు ఒకసారి చూస్తారా?" అన్నారు. ఆ మోకాలికి ఏ నొప్పీ లేదు. చెయ్యి వెయ్యగానే అంకుల్‌కి తెలిసిపోయి ఉంటుంది. అయినా ఆపలేదు. వంచి, చాపి, నొక్కి, శ్రద్ధగా చూశారు. బాగానే ఉందని చెప్పి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయారు.

రిటైరయ్యేదాకా తలుపులే బిగించారు. ఆ యూనివర్సిటీ ఇప్పుడు చిన్న పట్నమంత అయిందని మొన్న మనవరాలు ఫోనులో చూపించింది. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది.

ఇండియాలో చదివొచ్చి మా గుడికి వచ్చే కుర్ర డాక్టర్లు ఇంటింటికీ ఫుడ్ డెలివరీలు చేసుకుంటూ, "ఆంటీ, లైసెన్స్ వస్తుందంటారా?" అని అడుగుతారు. తప్పకుండా వస్తుందనడానికి నాకు నోరు రాదు. "డాక్టరుగారూ, ఈ భుజం కాస్త చూడండి," అంటాను. నాన్నగారిలా నటించక్కర్లేదు, ఈ వయసులో నొప్పులకేం కొదవ. శ్రద్ధగా చూస్తారు. చూసి మళ్ళీ డెలివరీలకు వెళ్ళిపోతారు.