ఉగ్గు వల్ల కాదు

తొమ్మిదేళ్లుగా ఒక మాట కడుపులో దాచుకున్నాను. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సికింద్రాబాద్‌లో స్కానింగ్ చేసే డాక్టర్ని. ఆ రోజు మల్కాజ్‌గిరి నుంచి ఒకామె ఏడు నెలల పాపను తెచ్చింది. పాప పసరు కక్కుతోంది. పొట్ట మీద ప్రోబ్ పెట్టాను. పేగుకు రక్తం తెచ్చే ధమనికి కుడిపక్కన ఉండాల్సిన సిర ఎడమపక్కన కనిపించింది. పుట్టుకతోనే పేగు సరిగా తిరగని పిల్లల్లో అలా ఉంటుంది. నాకు తెలుసు. మరి నేనేం చేశాను? ప్రోబే తిరగేసి పట్టుకున్నాననుకుని దాన్ని తిప్పేశాను. తెర మీద అంతా చక్కగా కుదిరింది. నార్మల్ అని రాశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

వాళ్లు తలుపు దాకా వెళ్లారు. ప్రోబ్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఏ వైపు తిప్పి పట్టుకోవాలో చెప్పే దాని మీది గుర్తు వేలికి తగిలింది, ఉండకూడని వైపు. మొదట పట్టుకున్నదే సరైనది. "అమ్మా, ఆగండి" అంటే సరిపోయేది. బయట సీసాలకు సీసాలు నీళ్లు తాగి బిగబట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు గొణుగుతున్నారు. నేరం వాళ్ల మీదికి తోసెయ్యనా? ఛీ. తప్పు చేశానని చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

వారం తిరక్కుండానే పేగు మెలిపడింది. ఇంకో ఆసుపత్రిలో మందు తాగించి ఎక్స్‌రేలు తీసి కనిపెట్టారు. ఆపరేషన్ చేసి చాలా పేగు తీసేశారు. పాప బతికింది. తర్వాత తల్లి నా రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"ఆ రోజు మీకేం కనవడలేదా మేడం? నేను పెట్టిన ఉగ్గుతోనే గిట్లయిందని మా అత్త అంటున్నది. నిజమేనా?"

"అప్పుడంతా బాగానే ఉందమ్మా. ఉగ్గు సంగతంటారా... ఏమో, చెప్పలేం."

ఆమె తలూపింది. "నేనే, నేనే" అని ఏడుస్తూ వెళ్లిపోయింది.

నేనుండేది కాప్రాలో. ఇంటి ముందుకే కూరగాయలొస్తాయి. అయినా ప్రతి ఆదివారం మోండా మార్కెట్‌కు పోతాను, మల్కాజ్‌గిరి వాళ్లూ అక్కడికొస్తారు కదా, ఆ పిల్ల కనిపిస్తుందేమోనని. ఎంత పొడుగైందో, బుగ్గలొచ్చాయో లేదో ఒక్కసారి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ హక్కు నాకుందా? పోయిన ఆదివారం తల్లితో కనిపించింది. సన్నగా ఉంది. జామకాయ కావాలని తల్లి కొంగు లాగుతోంది. తల్లి కాయను వాసన చూసింది, ఒత్తి చూసింది, చివరికి భయపడి మళ్లీ బుట్టలో పెట్టేసింది. ఇన్నేళ్లయినా తన చేత్తో పెట్టే తిండిని ఆమె నమ్మదు. ఆ భయం నేనిచ్చిందే.

నన్ను చూసి నమస్తే పెట్టింది. నేనూ నమస్తే పెట్టి వచ్చేశాను.

అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటేనే కాస్త ఊపిరాడుతోంది. మీ ఉగ్గు వల్ల కాదమ్మా. ఆ రోజు నాకు కనిపించింది. మీరు తలుపు దాటకముందే నాకు తెలిసింది.