పాస్ ఔట్ అంటే

నిన్న మా అమ్మాయి స్కూలు సంచిలో స్టీలు స్కేలు చేతికి తగలగానే ఒళ్ళు మండింది. ఇనుప గనుల కిరండూల్‌లో మనతో చదివిన సుశీల గుర్తుందా, రైలు పట్టాలు చూసుకునే కీమ్యాన్ గారి అమ్మాయి? ఓ రోజు ఇంగ్లీషు క్లాసులో ఎర్ర దుమ్ము బూట్లతో లేచి, వాళ్ళన్న ఐటీఐ పాస్ ఔట్ అయ్యాడని ఇంగ్లీషులో సంబరంగా చెప్పింది.

"కళ్ళు తిరిగి పడిపోయాడా?" అన్నాడు ఇంగ్లీషు సారు. క్లాసంతా నవ్వింది.

"రెండర్థాలూ ఉన్నాయి సార్. ట్రైనింగ్ ముగిస్తే సిపాయిలు చేసేది పాసింగ్ ఔట్ పరేడే కదా. ఈ మాట అక్కడ్నుంచే వచ్చిందట," అంది సుశీల.

"నాకే నేర్పుతావే?" అంటూ సారు స్కేలు అంచుతో ఆమె వేళ్ళ మీద కొట్టాడు.

తర్వాత సుశీల ఆ క్లాసులో నోరు విప్పలేదు. పిల్లలు దారిలో పడ్డారని సారు మురిసిపోయాడు. ఇప్పుడు మీరంతా కలిసి ఆయనకి సన్మానం చేస్తున్నారట. నన్ను పిలవకండి.